ఇంటి వాహన బాట

ఇంటి వాహన బాట అనగా వీధి నుండి ఇంటి ఆవరణలో వాహనాలు నిలుపు చోటు వరకు వేసుకొనే గట్టి దారి. దీనిని డ్రైవ్‌వే అని కూడా అంటారు. ఆవరణలో పడిన వాన నీరు భూమిలోకి ఇంకుతుందా లేక వీధిలోకి పోతుందా అన్నది చాలవరకు ఈ బాట నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. బాట మన్నికను నిర్ణయించేది కూడా ముఖ్యంగా నీరే.

తిరువూరు పరిసరాల నేల

తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలో, విజయవాడ - జగదల్‌పూర్ రహదారిపై ఉన్న పట్టణం. 2022 వరకు ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. ఈ మెట్ట ప్రాంతంలో ఎర్ర నేలలు, నల్లరేగడి నేలలు రెండూ ఉన్నాయి. ఎర్ర నేలను బాగా దిమ్మిస కొడితే బరువును చక్కగా మోస్తుంది. నల్లరేగడి వానలకు ఉబ్బి, వేసవిలో కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. ఆ కదలికకు పైనున్న కాంక్రీటు పగులుతుంది. సిమెంటు చాలలేదని భావించి మరింత మందంగా పోసినంత మాత్రాన ఈ పగుళ్లు ఆగవు. ఎందుకనగా లోపం అడుగు మట్టిలో ఉన్నది.

ప్రణాళిక

* కారు వెళ్ళుటకు సుమారు 3 మీటర్ల వెడల్పు చాలును. అవసరానికి మించి నేలను కప్పరాదు.
* ఇంటి గోడ నుండి బయటి వైపునకు 50కి 1 వంతున వాలు ఉండవలెను.
* ర్యాంపును ఇంటి హద్దులోనే ముగించవలెను. వీధి కాలువను పూడ్చరాదు. దానిపై తీసి పెట్టుకొనే పలకలు వేసినచో పూడిక తీయుటకు వీలుంటుంది.
* కళ్ళాపి చల్లి ముగ్గు వేసుకొనుటకు వాకిట కొంత మట్టి నేల ఉంచుకోవచ్చును.

నిర్మాణ క్రమం

మొదట పై మట్టిని 30 నుండి 45 సెంటీమీటర్ల లోతు వరకు తీసివేయవలెను. నల్లరేగడి అయినచో ఇంకా లోతుగా తీసి, ఉబ్బే గుణం లేని గ్రావెల్‌తో నింపవలెను. గ్రావెల్‌ను ఒకేసారి పోయక, 10 - 15 సెంటీమీటర్ల పొరలుగా పరచి, తడిపి, ప్రతి పొరను దిమ్మిస కొట్టవలెను. దానిపై కంకర పొర వేసి అణచవలెను. అంచులకు రాతి కట్టు లేనిచో దిమ్మెలు పక్కకు జరుగుతాయి.

పై పొర రకాలు

* రెండు చక్రాల పట్టీలు: చక్రాలు నడిచే చోట మాత్రమే రెండు పట్టీలు వేసి, నడుమ గడ్డి పెంచుతారు. ఖర్చు తక్కువ, నీరు ఇంకుతుంది.
* పేవర్ దిమ్మెలు: 2006లో వెలువడిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 15658 తేలిక వాహనాలకు 60 మి.మీ. మందాన్ని సూచించింది. కుంగిన చోట దిమ్మెలను తీసి మరల పేర్చవచ్చును. కొన్ని రకాల తయారీలో థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదను వాడుతారు. ఇదే రహదారి మొదలయ్యే ఇబ్రహీంపట్నంలో అట్టి కేంద్రం ఉన్నది.
* రాతి పలకలు: కడప, బేతంచెర్ల రాళ్లు వాడుకలో ఉన్నాయి. నల్లని కడప రాయి ఎండకు ఎక్కువగా వేడెక్కుతుంది.
* కాంక్రీటు: గట్టిదే కాని నీటిని ఇంకనీయదు. సుమారు 3 మీటర్లకు ఒక సందు విడిచి, కనీసం 7 రోజులు నీటితో తడపవలెను.

వాన నీటి లెక్క

ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు అవుతుంది. 3 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు గల బాటపై 50 మి.మీ. వాన కురిస్తే 1500 లీటర్లు. బాట పూర్తిగా కాంక్రీటు అయినచో ఇందులో అధిక భాగం వీధిలోకి చేరి, పల్లంలోని ఇళ్ళను ముంచుతుంది. వేసవిలో అదే వీధిలో బోర్లు ఎండిపోతాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో మొదలైన "నీరు - మీరు" కార్యక్రమం, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఇంకుడు గుంతలకు ప్రాధాన్యమిచ్చాయి. బాట వాలు చివర ఇట్టి గుంత త్రవ్వి, అడుగున పెద్ద రాళ్లు, వాటిపై కంకర, పైన ఇసుక నింపవచ్చును. నల్లరేగడి నేలలో గుంతను పునాదులకు దూరంగా ఉంచవలెను. గోడ పక్కన నీరు ఇంకితే పునాది మట్టి ఉబ్బుతుంది. వాహనాలు కడిగిన నూనె నీటిని గుంతలోకి పోనీయరాదు.

నిర్వహణ

తొలకరికి ముందు వాలును, కాలువను, గుంతను శుభ్రపరచవలెను. సందులలో పోయిన ఇసుకను మరల నింపవలెను. కుంగిన చోట పైపూత పూయక, దిమ్మెలు తీసి అడుగు పొరను సరిచేసినప్పుడే బాట నిలుస్తుంది.

ఇవి కూడా చూడండి

* ఇంకుడు గుంత
* నల్లరేగడి నేల
* తిరువూరు