రాందాస్, లక్ష్మీనారాయణ్ (1933–2024)
భారత నౌకాదళ మాజీ అధిపతి. ముంబయిలోని మాటుంగాలో జన్మించారు. 1971 యుద్ధంలో ఐఎన్‌ఎస్ బియాస్‌కు సారథ్యం వహించి, తూర్పు పాకిస్తాన్ తీర దిగ్బంధంలో చూపిన సాహసానికి వీరచక్ర అందుకున్నారు. 1990 నుంచి 1993 వరకు నౌకాదళాన్ని నడిపారు. మహిళలను అధికారులుగా తీసుకోవడం ఆయన హయాంలోనే, 1992లో మొదలైంది. ఆయన సేవల్లో ఎన్నదగినది ఇదే.

భార్య లలిత, తొలి భారతీయ నౌకాదళాధిపతి ఆర్.డి.కటారి కుమార్తె. మామా అల్లుళ్లిద్దరూ ఒకే పదవిని అధిష్ఠించడం అరుదు. ఈ దంపతులకు ముగ్గురు కుమార్తెలు.

పదవీ విరమణ తర్వాత అలీబాగ్ దగ్గరి పల్లెలో స్థిరపడ్డారు. యుద్ధాన్ని కళ్లారా చూసిన ఈ సేనాని అణ్వాయుధాలను గట్టిగా వ్యతిరేకించారు, భారత్–పాక్ ప్రజల మైత్రికి పాటుపడ్డారు. 2004లో పాకిస్తాన్‌కు చెందిన ఐ.ఎ.రెహ్మాన్‌తో కలిసి రామన్ మెగసెసే పురస్కారం పొందారు. 2024 మార్చి 15న హైదరాబాద్‌లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.