చరిత్ర పాఠమున ప్రశ్నకు చోటు



నేను ఆళ్లగడ్డ ప్రాంతపు పల్లెలలో 30 ఏండ్లకు పైగా సాంఘికశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. బాలురు నిర్భయముగా కూర్చుండి, విన్నదానిని విచారించి తెలిసికొను తరగతి యెట్లుండవలెనో చెప్పుమని నన్ను కోరినారు. సూత్రములు వల్లించుటకంటె, అహోబిలమున జరిగిన యొక చరిత్రాంశమును, దానిని చెప్పుటలో నేను చేసిన యొక తప్పును విన్నవించుట మేలని తోచినది.

అహోబిలము మీ రెరుగని క్షేత్రము కాదు. తిరుమంగయాళ్వారు పాశురములతో కీర్తించిన కొండ యది. ఎఱ్ఱాప్రగడ తన నృసింహపురాణమును ఆ స్వామికే యంకితము చేసెను. 1515వ సంవత్సరమున, కళింగయుద్ధములు జరుగుచున్న కాలమున, శ్రీకృష్ణదేవరాయలు వచ్చి స్వామికి ఆభరణములు సమర్పించినట్లు శాసనము కలదు. ఇంతవరకు చెప్పుట సులభము. బాలురును సంతోషముగా విందురు. చిక్కు దాని తరువాతి కథలో నున్నది.

నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో, 1565 నాటి యుద్ధమును, విజయనగర పతనమును చెప్పుచు, "తరువాత తురుష్కులు వచ్చి అహోబిలమును దోచిరి" అని యొక్క వాక్యముతో ముగించితిని. వెనుక వరుసలో దూదేకులవారి బాలుడొకడు కూర్చుండెడివాడు. వాని యింటివారు ఏటేట అహోబిలము తిరునాళ్లకు పోవువారే. ఆ మాట వినగానే నలుగురు పిల్లలు వెనుదిరిగి వానివంక చూచిరి. వాడు లేచి, "అయ్యవారూ, ఆ దండు నడిపినోని పేరేంది?" అని యడిగెను. నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు నోరు రాలేదు. "అధికప్రసంగము చేయక కూర్చోరా" అంటిని. వాడు కూర్చుండెను. ఆ యేడు మరల నన్నొక ప్రశ్నయు నడుగలేదు.

నేను బాల్యమున సంస్కృతపాఠశాలలో చదివినవాడను. అచ్చట మా గురువుగారు పూర్వపక్షమును చక్కగా నిలువబెట్టనిదే సిద్ధాంతములోనికి పోనిచ్చెడివారు కారు. "ప్రమాణమేది?" అని శిష్యుడడిగినచో కోపింపక, ప్రత్యక్షమో, అనుమానమో, ఆప్తవాక్యమో తేల్చి చెప్పెడివారు. అట్టి చోట చదివివచ్చిన నేను, పదునొకండేండ్ల బాలుడు ప్రమాణమడిగినందుకు వాని నోరు మూయించితిని. శాస్త్రమునకు విచారణ వలెను గాని చరిత్రకు వలదని, అది కేవలము కంఠస్థము చేయదగినదని నే ననుకొంటిని గాబోలు!

ఎనిమిదేండ్ల తరువాత శాసనముల సంగ్రహమొకటి నా చేతికి వచ్చెను. అందు శాలివాహనశకము 1506, తారణ సంవత్సరము, అనగా క్రీస్తుశకము 1584-85 నాటి అహోబిల శాసనపు సారాంశము చూచితిని. గోలకొండ ప్రభువైన ఇబ్రహీం కుతుబ్‌షాహీ పక్షమువారు, హండె నాయకులతో కూడి అహోబిలమును పట్టుకొని అయిదారేండ్లు తమ చేతిలో నుంచుకొనిరట. మఠాధిపతులైన వణ్ శఠకోప జీయరుగారు పెనుగొండ ప్రభువైన శ్రీరంగరాయలకు మొరపెట్టుకొనగా, ఆయన యానతిచే కొండరాజు వేంకటరాజు, తిరుమలరాజు అనువారు శత్రువులను తరిమి స్థలమును మరల స్వామికి దక్కించిరట.

హండె నాయకులెవరు? విజయనగరప్రభువుల కొలువున పైకివచ్చిన పాలెగాండ్రే. ఇక 1579లో గోలకొండ దండును నడిపివచ్చినవాని పేరు గోలకొండ పక్షపు పారసీక చరిత్రల వలన తెలియుచున్నది. అతడు మురహరిరావు, మరాఠా బ్రాహ్మణుడు. ఆ బాలుడడిగిన ప్రశ్నకు సమాధానమిదే. అప్పటికి వాడు బడి విడిచి ఎచ్చటికో పనికి పోయియుండెను.

దోపిడి జరుగలేదని నే ననుట లేదు. జరిగినది. అది గోలకొండ సుల్తాను పేరిటనే జరిగినది. దానిని కప్పిపుచ్చిన చరిత్రయు చరిత్ర కాదు. కాని ఆ ఇబ్రహీం ఎట్టివాడో కూడ చూడవలెను. యౌవనమున అన్నకు వెరచి పారిపోయి, ఏడేండ్లు విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయమున బ్రదికినవాడు. తెలుగు కవులను పోషించి, మల్కిభరాముడని వారిచే పిలిపించుకొన్నవాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అతనికే అంకితమిచ్చెను. ఆ యిబ్రహీమే 1565లో తనకన్నము పెట్టిన రామరాయలపై కత్తిగట్టెను. ఇన్ని ముడులున్న సంగతిని నేను "తురుష్కులు దోచిరి" అను రెండు మాటలలో కుదించితిని. ఆ రెండు మాటల బరువంతయు ఒక పిల్లవాని మెడపై పడినది.

నాటినుండి నా పాఠపద్ధతి మార్చుకొంటిని. మొదట కూర్చుండు వరుసలు మార్చితిని. వెనుక వరుస కొందరి సొత్తు కాకుండ వారమున కొకమారు అందరు స్థలము మారెడివారు. "నాకు తెలియదు, రేపు చూచి చెప్పెదను" అను మాట ముందుగా నేనే నేర్చుకొంటిని. ఇది కష్టమైన విద్య! అటుపిమ్మట అహోబిలము పాఠము వచ్చినపుడెల్ల, శాసనమేమి చెప్పుచున్నదో, గోలకొండ చరిత్రలేమి చెప్పుచున్నవో నల్లబల్లపై చెరియొక ప్రక్క వ్రాసి, ఎవరు వ్రాయించిరి, ఎందుకు వ్రాయించిరి, ఏది చెప్పక విడిచిరి అని పిల్లలనే యడిగెడివాడను. శకసంవత్సరమునకు 78 కలిపి క్రీస్తుశకము కట్టుట వారికి లెక్కల పాఠము కంటె రుచించెడిది. బట్టీపట్టుట మాని, చదువును బడివెలుపలి జీవితముతో ముడివేయవలెనని 2005లో జాతీయ పాఠ్యప్రణాళిక చెప్పినపుడు, అది నాకు క్రొత్తగా తోచలేదు.

శాసనమునకెక్కని చరిత్రయు కలదు. కనుమనాడు మొదలై దాదాపు 40 దినములు ముప్పదికి పైబడిన గ్రామములు తిరుగు పారువేట పల్లకి మీ యూళ్లకును వచ్చుచుండును. చెంచులక్ష్మిని చేపట్టిన స్వామి తన పెండ్లికి తానే పిలువ వచ్చుచున్నాడని మన నమ్మకము. ఒక యేడు చెంచుగూడెపు వృద్ధునొకని తరగతికి పిలిచి ఆ కథ చెప్పించితిని. స్వామి మా యింటి యల్లుడని యాయన చెప్పుచుండగా, ఎన్నడు నోరు విప్పని చెంచుబాలిక యొకతె తల యెత్తి చుట్టును చూచినది. వేరొక పిల్ల లేచి, "దీనికి శాసనముందా తాతా?" అని యడిగెను. వృద్ధుడు నవ్వి, "రాసేది మాకేడ వచ్చు బిడ్డా, మా తాత చెప్పినాడు, నేను చెప్తుండా" అనెను. పిల్లలు దానిని శాసనముల ప్రక్కను గాక, "పెద్దలు చెప్పినది" అని వేరు శీర్షిక పెట్టి వ్రాసికొనిరి. ఏది దేనిక్రింద వ్రాయవలెనో నేను చెప్పలేదు.

మన సీమ 1800లో ఇంగ్లీషువారి వశమైన పిమ్మట కాలిన్ మెకంజీ దొర కొలువులోని కావలి సోదరులు మొదలైన పండితులు ఊరూర తిరిగి, కరణములను వృద్ధులను విచారించి కైఫియత్తులు వ్రాయించిరి. నేడు మన యూళ్ల పూర్వకథ యింతమాత్రమైన తెలియుచున్నదన్న, ఆనాడు అడిగినవారును చెప్పినవారును ఉండుటచేతనే. మీ యూరి బడినుండి పిలుపు వచ్చినచో పోయి రండు. గుడి సంగతియో, చెరువు సంగతియో, కరవు సంగతియో మీరెరిగినది చెప్పుడు. మీకెవరు చెప్పిరో ఆ పేరును కూడ చెప్పుడు. ఏ పిల్లవాడైన నడుమ లేచి "అది మీకెట్ల తెలుసు?" అనినచో, వానిని కూర్చుండబెట్టకుడు.