బావిగట్టున గొట్టపు హోరు

కర్నూలు, కడప సీమలలో మెట్టరైతు చరిత్ర చాలవరకు బావి చరిత్రయే. కర్నూలు-కడప కాలువ అందని పల్లెలకు బావియే ఆధారము. 1876-78 నాటి ధాత కరువు చవిచూచిన నేల యిది. ఇచ్చట తెల్లవారుజామున తొలుత వినవచ్చెడిది కపిల గిలక కీచుధ్వని.

ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ మదరాసు రాజధానియందు ఆయిలింజను పంపులను ప్రచారములోనికి తెచ్చెను. కాలక్రమమున అవి మన బావిగట్లకును చేరినవి. గిలకపాట ఆగి, ఆమడదూరము వినవచ్చు గొట్టపు హోరు మొదలయ్యెను.

ఆ హోరు ఎట్లు పుట్టును? సిలిండరులో మండిన వాయువు, వాల్వు తెరచుకొనగానే, ఒక్క ఉదుటున పొగగొట్టములోనికి దూకును. నిమిషమునకు 600 చుట్లు తిరుగు ఒంటి సిలిండరు, నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఇట్టి ఉదుటులు 300. కావున గొట్టములోని ప్రవాహము కాలువనీటివలె నిలుకడగా సాగక, నాడివలె కొట్టుకొనును. ప్రతి ఉదుటును ఒత్తిడి అలయై గొట్టపు మూతికి పరుగెత్తును. అందు కొంత వెలికివచ్చి ధ్వనియగును. కొంత వెనుదిరిగి వాల్వు కడకు పోవును.

హోరు నణచుటకు గొట్టమునకు సైలెన్సరు తగిలింతురు. వెడల్పు హఠాత్తుగా మారిన చోట అల వెనుకకు మరలును గనుక ధ్వని తగ్గును. కాని దారి మరీ ఇరుకైనచో వాయువు సాఫీగా వెడలక ఇంజను బలము సన్నగిల్లును, చమురుఖర్చు హెచ్చును. చెవికి సుఖము, చేతికి నష్టము! ఎంత అణచవలెనో, ఎక్కడ ఆగవలెనో తేల్చుటకు లెక్క కావలసివచ్చెను.

ఆ లెక్కకు మూలము పాతది. పెద్ద ఒత్తిడి అలలు వాయువులో ఎట్లు సాగునో జర్మను గణితవేత్త రీమన్ 1860లో నిరూపించెను. అయితే చేతితో ఆ లెక్క చేయుట బహు శ్రమ. 1964లో బెన్సన్, గార్గ్, వూలట్ అనువారలు దానిని కంప్యూటరునకు అప్పగించు విధానమును ప్రకటించిరి. గొట్టమును చిన్న తునకలుగను, కాలమును సెకనులో స్వల్ప భాగములుగను విభజింతురు. బావి త్రవ్వునపుడు వరుసగా నిలిచినవారు మట్టితట్టను చేతులు మార్చినట్లు, ఒక తునకలోని ఒత్తిడి, వేగములనుబట్టి ప్రక్క తునక స్థితిని క్షణక్షణము గణింతురు. చివరి తునక మూతి కడ ధ్వని యెంతో చెప్పును. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు చెందిన ఆచార్య ఎం. ఎల్. ముంజాల్ 1987లో గొట్టముల, సైలెన్సరుల ధ్వనిశాస్త్రముపై ఉద్గ్రంథము వెలువరించెను.

నేడు పెక్కు పొలములలో విద్యుత్తు మోటారు బోరుబావి లోపలనే తిరుగుచున్నది. గట్టు మీద హోరు లేదు; నీరు మాత్రము మునుపటికంటె లోతునకు దిగినది. ఆనాటి రైతు ఇంటి అరుగు మీద కూర్చుండియే, చప్పుడు తడబడగానే, ఇంజను చమురు కొరకు అలమటించుచున్నదని గ్రహించెడివాడు. కంప్యూటరు అంకెలతో చదివిన ఆ నాడినే అతడు చెవితో చదివెను.