శిరస్త్రాణము వచ్చుటకు ఏబదియేండ్లు

1920 వ సంవత్సరము ఆగస్టు 16 వ తేదీని న్యూయార్కు నగరమున పోలో గ్రౌండ్స్ అను క్రీడారంగమునందు క్లీవ్‌లండ్ జట్టునకును యాంకీల జట్టునకును బేస్‌బాల్ పోటీ జరుగుచుండెను. అయిదవ ఇన్నింగ్సు ఆరంభమున క్లీవ్‌లండ్ వాడగు రే చాప్మన్ బ్యాటు చేతబట్టి నిలిచెను. అతనికి అప్పటికి 29 ఏండ్లు. ఎదుట బంతి విసరుచున్నవాడు కార్ల్ మేస్. చేయి ఇంచుమించు నేలను రాయునంతగా వంగి క్రిందినుండి విసరుట ఇతని పద్ధతి. ఆ బంతి చాప్మన్ ఎడమ కణతకు తగిలెను. ఆ చప్పుడు విని బంతి బ్యాటునకే తగిలినదనుకొని మేస్ దానిని పట్టుకొని మొదటి బేసునకు విసరెనట! చాప్మన్ కూలబడెను. లేవనెత్తి నడిపించుకొని పోవుచుండగా అతని కాళ్లు తేలిపోయెను. ఆ రాత్రి వైద్యులు కపాలమునకు శస్త్రచికిత్స చేసిరి. తెల్లవారకమునుపే ప్రాణము పోయెను. అమెరికా పెద్ద లీగుల చరిత్రలో పిచ్చర్ విసరిన బంతి దెబ్బవలన మరణించిన ఆటగాడు ఇతడొక్కడే.

మన దేశమున ఈ యాట అంతగా వ్యాపింపలేదు గనుక రెండు మాటలు చెప్పవలసియున్నది. క్రికెట్టులో బంతి సాధారణముగా నేలను తాకి లేచును. బేస్‌బాల్ బంతి నేల తాకకయే గాలిలో సూటిగా వచ్చును. విసరువానికిని కొట్టువానికిని నడుమ దూరము 60 అడుగుల 6 అంగుళములు. బంతి బరువు అయిదు ఔన్సులకు పైమాట. వేగముగా విసరినప్పుడు అది చేరుటకు అరసెకను పట్టదు. చాప్మన్ తలమీద నాడున్నది గుడ్డటోపి మాత్రమే.

ఆ బంతి స్థితిని గూర్చియు చెప్పవలెను. ఒక బంతిని సాధ్యమైనంతసేపు వాడుట అప్పటి మర్యాద. పిచ్చర్లు దానికి ఉమ్మి, పొగాకురసము, మన్ను పూసి మసిబంతిగా చేయుచుండిరి. పొద్దు వాలు వేళ అట్టి బంతి కంటికి సరిగా ఆనదు. ఉమ్మి పూయుటను నియమకర్తలు ఆ సంవత్సరపు ఆటలకు ముందే నిషేధించియుండిరి. కాని అంపైర్లు మురికిబంతులను తీసివేసి క్రొత్తవి వేయుచున్నారనియు, ఖర్చు పెరుగుచున్నదనియు జట్ల యజమానులు మొరపెట్టుకొనగా, అమెరికన్ లీగు అధ్యక్షుడగు బాన్ జాన్సన్, అపాయకరమైనవి తప్ప తక్కిన బంతులను ఆటలోనే ఉంచవలెనని అంపైర్లకు ఉత్తరువు పంపెను. ఆచారము పేర నడచుచున్న దానిలో ఆచారమెంత, ఆదాయమెంత అని విడదీసి చూచుట చరిత్ర చదువువారికి ఎల్లప్పుడును అవసరమని మాకు తోచుచున్నది.

చాప్మన్ మరణానంతరము అంపైర్లు మురికిబంతులను వెంటనే మార్చసాగిరి. మేస్ కావలెనని కొట్టలేదని విచారణాధికారులు తేల్చిరి. ఉమ్మిబంతి నిషేధము మాత్రము ఒక విచిత్రమైన మినహాయింపుతో అమలయ్యెను. ఆ విద్యచేతనే జీవించుచున్న 17 గురు పిచ్చర్లు తాము ఆటనుండి విరమించువరకు దానిని వాడుకొనవచ్చునని అనుమతించిరి. వారిలో కడపటివాడు బర్లీ గ్రైమ్స్. అతడు 1934 లో విరమించెను. పదునాలుగేండ్లు చట్టము ఒకటి, చట్టసమ్మతమైన ఉల్లంఘన ఒకటి ఒకే మైదానమున ప్రక్కప్రక్కన నడచినవి. చదువరులు ఈ మినహాయింపు పద్ధతిని జ్ఞాపకముంచుకొనవలెను, మరల వచ్చును.

బంతిని మార్చిరి సరే, తల మాట యేమి? తలమీది గుడ్డటోపి యథాస్థానమున నిలిచెను. తలకు రక్షణ కల్పించు ఉపాయము తెలియక కాదు. రోజర్ బ్రెస్నహన్ అను క్యాచర్ 1907 లో బంతిదెబ్బ తిని, గాలి నింపిన తోలు తొడుగు నొకదానిని తలకు ధరించి చూచెను. ఆ యేటనే కాళ్లకు పిక్కకవచములు కట్టుకొని మైదానమునకు రాగా జనులు నవ్విరి. అంతకు పూర్వము 1875 లో చార్లెస్ వెయిట్ అనువాడు అరచేతుల నొప్పికి తాళలేక తొడుగు వేసికొని, ఎవరికిని కనబడకుండుటకై చర్మపు రంగుదానిని ఎన్నుకొనెనట. క్యాచర్ ముఖమునకు ఇనుపతీగల ముసుగును హార్వర్డు విద్యార్థియగు ఫ్రెడ్ థేయర్ కల్పించి 1878 లో పేటెంటు పొందెను. ఇవియన్నియు మొదటి దినమున పిరికితనపు గుర్తులు. ఇరువది ముప్పది యేండ్లకు అవియే ఆటకు అలంకారములై, అవి లేని క్యాచర్‌ను ఊహించుటయే కష్టమయ్యెను.

ఆటగాండ్రు సనాతనమనుకొన్నది నిజముగా ఎంత పాతది? 1845 నాటి నికర్‌బాకర్ నిబంధనలకు పూర్వము పరుగెత్తువానిని బంతితో శరీరముపై కొట్టి ఔటు చేయు వాడుక యుండెను. ఆ నిబంధనలు దానిని మాన్పినవి. ఆ కాలమున పిచ్చర్ బంతిని బలముగా విసరరాదు, చేయి క్రిందుగా ఊపి అందింపవలెను. భుజముపైనుండి విసరుటకు నేషనల్ లీగు స్వేచ్ఛ యిచ్చినది 1884 లో. 60 అడుగుల 6 అంగుళముల దూరము స్థిరపడినది 1893 లో. అనగా చాప్మన్ మరణించునాటికి ఆ దూరమునకు 27 ఏండ్లు, ఆ స్వేచ్ఛకు 36 ఏండ్లు. మెల్లగా అందించిన బంతికి తగిన గుడ్డటోపిని, వేగముగా విసరు బంతికిని తాతలనాటి ఆచారమని అట్టిపెట్టుకొనిరి. అపాయము క్రొత్తది, దానికెదురు నిలిపిన తల పాతది.

శిరస్త్రాణము వద్దన్నవారు యజమానులు మాత్రమే కారు. ఆటగాండ్రే వద్దనిరి. బరువనిరి, చూపునకు అడ్డమనిరి. అన్నిటికంటె పెద్ద కారణము నోట పలుకనిది: తలకు తొడుగు వేసికొనినవాడు భయపడినట్లు పిచ్చర్ గ్రహించును. బంతిని కొట్టువాని చెంతకు విసరి అతనిని వెనుకకు జరుపుట పిచ్చర్ హక్కు అనియు, వెరవక నిలుచుట మగతనమనియు ఆ యాటలో ఒక వ్రాయని శాస్త్రము గలదు. ఈ వాదమును మేము తేలికగా త్రోసివేయము. ధైర్యము చూపుటకు తావు లేని ఆటను చూడబోవువారెవరు? కాని వేగబంతి నెదిరించుట ఒక ధైర్యము. పుఱ్ఱె పగులుటకు సిద్ధపడుట వేరొకటి. మొదటిది నేర్పు, రెండవది జూదము. మన క్రికెట్టు నాయకుడు నారీ కాంట్రాక్టర్ 1962 లో బార్బడోసున గ్రిఫిత్ బంతికి తల పగిలి చావు తప్పించుకొనెను, మరల టెస్టు ఆట ఆడలేదు. అతనికి ధైర్యము తక్కువయని ఎవరైన అందురా?

1937 లో డెట్రాయిట్ నాయకుడు మికీ కాక్రన్ బంప్ హాడ్లీ బంతికి కపాలము విరిగి ఆటకు శాశ్వతముగా దూరమయ్యెను. 1940 లో బ్రూక్లిన్ జట్టులో ఇరువురికి దెబ్బలు తగులగా, మరుసటి యేడు ఆ జట్టువారు టోపి లోపల ఎవరికిని కానరాని పలుచని రేకులు పెట్టుకొనిరి. దాచుకొనుట చూడుడు! చర్మపు రంగు తొడుగునకు ఇది మనుమడు. నల్లజాతివారిని పెద్ద లీగులలోనికి రానీయని ఆ దినములలో, వారి లీగునందు విల్లీ వెల్స్ అను గొప్ప ఆటగాడు దెబ్బతిన్న పిమ్మట కూలివారు ధరించు గట్టిటోపి పెట్టుకొని ఆడెనని చెప్పుదురు. అతడు దాచుకొనలేదు.

వర్ణభేదమను గోడను కూల్చి 1947 లో జాకీ రాబిన్సన్‌ను బ్రూక్లిన్ జట్టున నిలిపిన బ్రాంచ్ రికీయే, పిట్స్‌బర్గు జట్టు నిర్వాహకుడై 1950 దశకపు ఆరంభమున తన ఆటగాండ్ర కందరికిని గట్టి శిరస్త్రాణములు పెట్టించెను. గ్యాలరీలోని పిల్లలు ఆ టోపీలపై గోళీలు విసరి చప్పుడు విని ఆనందించుచుండిరని ఆ జట్టు క్యాచర్ జో గరజియోలా చెప్పుచుండెడివాడు. వానిని తయారుచేయు కంపెనీయు రికీదే యగుట చేత లాభాపేక్షయని కొందరనిరి. కావచ్చును. లాభము వచ్చినంత మాత్రమున మేలు కీడగునా? ఆ దశకము ముగియకమునుపే రెండు లీగులును గట్టిటోపి గాని లోపలి రేకు గాని తప్పనిసరి చేసినవి.

ఆ 'గాని' అను మాటకు 1967 ఆగస్టు 18 న బాస్టనులో వేరొక విధముగా వెల చెల్లవలసివచ్చెను. టోనీ కనిగ్లియారో ఇరువదియేండ్ల వయసున లీగులో మిక్కిలి హోమ్‌రన్నులు కొట్టిన యువకుడు. ఆనాటికి 22 ఏండ్లవాడు. అతడు శిరస్త్రాణము ధరించియే యుండెను, కాని దానికి చెంపరెక్క లేదు. బంతి ఎడమ చెంపయెముకను విరిచి కంటిని చెరచెను. 1969 లో తిరిగి వచ్చి ఆడినను, చూపు తగ్గి ఆట క్రమముగా ముగిసెను. చెంపరెక్క అప్పటికే లోకమున లేనిది కాదు. చిన్నపిల్లల లిటిల్ లీగునందు క్రైటన్ హేల్ రూపొందించిన రెండు చెంపరెక్కల టోపీలు 1960 దశకమున వాడుకలో నుండెను. బిడ్డలకు పెట్టినదానిని పెద్దలు పెట్టుకొనరైరి.

చాప్మన్ పోయిన 51 ఏండ్లకు, 1971 లో, శిరస్త్రాణము లేనిదే బ్యాటు పట్టరాదను నియమము వచ్చెను. పూర్వమునుండి ఆడువారికి మాత్రము మినహాయింపు! ఉమ్మిబంతి కథయే. బాస్టను క్యాచర్ బాబ్ మాంట్‌గొమరీ 1979 వరకు ఒట్టిటోపితో, లోపలి రేకుతో ఆడి, ఆ వాడుకకు కడపటివాడయ్యెను. 1983 లో చెంపరెక్క తప్పనిసరియయ్యెను. అప్పుడును పాతవారికి మినహాయింపే.

ఈ పద్ధతిని తప్పుపట్టవలెనా, మెచ్చుకొనవలెనా యని మేము చాలకాల మాలోచించితిమి. బలవంతముతో పెద్దలను మార్చజూచిన తిరుగుబాటు కలుగును. నియమము క్రింద పెరిగిన బాలునికి టోపి లేకుండుటయే వింతగా నుండును. కావున ఆచారము తన కడపటి ఆచరణకర్తతో పాటు నెమ్మదిగా విరమించును; ఎవని పరువును పోదు. ఇది నేర్పుగల త్రోవయే. కాని ఆ నిరీక్షణ కాలమున దెబ్బతినువాడు మినహాయింపు కోరినవాడే యని నమ్మకమేమి? కాక్రన్‌ను ఎవరడిగిరి? అందుచేత మెచ్చుకొనలేకున్నాము.

తక్కిన సంస్కరణములు ఇటీవలివి. 1970 లో పీట్ రోజ్ హోమ్‌ప్లేటు వద్ద క్యాచర్ రే ఫాసీని గుద్ది పడవేయగా దానిని పట్టుదలయని మెచ్చినవారే యెక్కువ. 2011 లో బస్టర్ పోసీ కాలు విరిగినప్పుడు మాత్రము మాట మారెను. 2014 లో అట్టి ఢీకొనుటను నిషేధించిరి. 2007 లో చిన్నలీగు కోచ్ మైక్ కూల్‌బా బంతి తగిలి మరణింపగా, మరుసటి యేట బేసుల చెంత నిలుచు కోచ్‌లకు టోపి విధించిరి.

మిగిలినవాడు పిచ్చర్. బంతి విసరిన మరుక్షణమున కొట్టువానికి 60 అడుగులలోపుననే నిలిచి, బ్యాటునుండి మరలివచ్చు బంతికి అతడే గురియగును. 1957 లో హెర్బ్ స్కోర్‌కు కంటిపై తగిలెను. 2012 లో బ్రాండన్ మెకార్తీ కపాలము పగిలెను. 2014 లో లోపల మెత్తలు పెట్టిన పెద్దటోపి నొకదానిని లీగువారు అంగీకరింపగా, ఆలెక్స్ టారెస్ అను పిచ్చర్ ఆ వేసవిలో దానిని ధరించి మైదానమునకు వచ్చెను. టోపి మిక్కిలి లావుగా నుండెను, జనులు నవ్విరి. అతని వెనుక నడచినవారు దాదాపు లేరు. నేడును పిచ్చర్ తలమీద నున్నది, 1920 లో చాప్మన్ తలమీద నున్నట్టి గుడ్డటోపియే.