శాంతియుత నిరసనము: చీరాల పేరాల చరిత్ర



ప్రజాప్రభుత్వమున ఓటు కొన్ని వత్సరముల కొకసారి వచ్చును. ప్రజల కష్టము అట్లు గడువు చూచి రాదు. విన్నపములు వ్యర్థమైనపుడు, శాంతముగా గుమిగూడి తమ అసమ్మతిని వెల్లడించుటయే వారికి మిగులు మార్గము. ఈ సత్యమునకు ఆంధ్రదేశ చరిత్రలో చీరాల పేరాల ఉదంతము తార్కాణమని తలంచి, దానిని సంగ్రహముగా నివేదించుచున్నాము.

1919లో ప్రభుత్వమువారు ఈ రెండు గ్రామములను కలిపి మునిసిపాలిటీగా నేర్పరచిరి. పన్నులు అనేక రెట్లు పెరిగెను. నేతపనివారును చిల్లర వర్తకులును ఆ భారమును మోయజాలమని మొరపెట్టుకొనిరి, ఫలము లేకపోయెను. పన్ను చెల్లింపక చెరసాల కేగినవారిలో ఒక స్త్రీయు నుండెను. 1920 చివరనుండి స్థానిక స్వపరిపాలన శాఖ శాసనసభకు జవాబుదారియగు మంత్రి చేతిలో నుండెను. ఓటుహక్కు కొలదిమందికే యున్న కాలమది. అయినను ఎన్నికైనవారు పాలించినంతమాత్రమున ప్రజల మొర తనంతట వినబడదని ఇందువలన తెలియుచున్నది.

ఎడింబరోలో విద్యనభ్యసించి వచ్చిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు జనులకు నాయకులై, రామదండను సేవాదళమును కూర్చిరి. 1921 ఏప్రిల్ 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు విచ్చేసి, అహింసతో పన్ను నిరాకరించుటయో, ఊరు విడుచుటయో రెండు మార్గములు గలవని చెప్పెను. జనులు రెండవదానిని వరించిరి. పొలిమేర దాటినచో మునిసిపాలిటీకి వారిపై నధికారము లేదు గదా! సుమారు 15,000 జనులలో 13,000 మంది వరకు ఇండ్లు వాకిండ్లు విడిచి, వెలుపల పాకలు వేసికొని, ఆ నివాసమునకు రామనగరమని పేరిడిరి. ఎండకు వానకు నోర్చి సుమారు 11 మాసము లచ్చట కాపురముండిరి. నాయకుడు కారాగృహమున కేగెను, ధనము తరిగెను. తుదకు కోరినది సిద్ధింపకయే జనులు ఇండ్లకు మరలిరి.

ఇది యపజయమా? కాదని మా యభిప్రాయము. పరులను హింసింపక, కష్టమంతయు తామే భరించి, ఒక పట్టణమంతయు అన్యాయమును కాదనగలదని వారు లోకమునకు చూపిరి. ఆనాడు వారికి లేని రక్షణ నేడు మనకు గలదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 19వ అధికరణమున, ఆయుధములు లేక శాంతియుతముగా సమావేశమగు హక్కును పౌరులకు ప్రసాదించినది. వీథులలో జరుగు సభలను ప్రభుత్వము క్రమబద్ధము చేయవచ్చునుగాని, అనుమతిని నిరాకరించు నిరంకుశాధికారమును ఉద్యోగి కీయరాదని సుప్రీంకోర్టు 1972లో తీర్పు చెప్పెను. రాజమార్గములను నిరవధికముగా నాక్రమించుట ఈ హక్కులో చేరదని 2020లో నిర్ణయించెను.

కావున ఇరువురకును ధర్మము గలదు. నిరసించువారు శాంతిని విడువరాదు. ఏలువారు ఆ శాంతమును బలహీనతగా నెంచరాదు. మన మిచ్చట నిర్భయముగా సభ తీర్చుటయు ఆ హక్కు ఫలమే. మనకు నచ్చని మాట పలుకువారికిని అదే హక్కు గలదని గుర్తించిననాడే రామనగరపు పాకలలో నివసించినవారి ఋణము కొంత తీరునని విన్నవించుచున్నాము.