నిఖత్ జరీన్

నిఖత్ జరీన్ (జననం: 1996 జూన్ 14) భారతదేశానికి చెందిన మహిళా బాక్సర్. తెలంగాణలోని నిజామాబాదు ఈమె స్వస్థలం. 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో న్యూఢిల్లీలోను జరిగిన ప్రపంచ మహిళా బాక్సింగ్ పోటీలలో స్వర్ణపతకాలు సాధించింది. మేరీ కోమ్ తరువాత ఒకటికంటే ఎక్కువసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన రెండవ భారతీయ మహిళ ఈమె. తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ ఈమెకు తొలి శిక్షకుడు. పదిహేనేళ్ళు నిండకముందే జూనియర్ ప్రపంచ విజేత అయినా, సీనియర్ స్థాయిలో ఆ పేరు రావడానికి మరో పదకొండేళ్ళు పట్టింది. గాయం, శస్త్రచికిత్స, ఎంపిక వివాదం, బరువు విభాగాల మార్పులు ఆ పదకొండేళ్ళలోనే ఎదురయ్యాయి.

బాల్యం, తండ్రి శిక్షణ

నిఖత్ 1996లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని నిజామాబాదులో జమీల్ అహ్మద్, పర్వీన్ సుల్తానా దంపతులకు జన్మించింది. నలుగురు అక్కాచెల్లెళ్ళలో ఈమె మూడవది. జమీల్ అహ్మద్ యువకుడిగా ఉన్నపుడు ఫుట్‌బాల్, క్రికెట్ ఆడినవాడు. తరువాత ఉపాధికోసం సౌదీ అరేబియా వెళ్ళి, చాలాకాలం అక్కడ పనిచేసి, పిల్లల చదువుల కోసం తిరిగివచ్చాడు. నిజామాబాదు జిల్లానుండి గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. అక్కడి కుటుంబాలకు ఈ కథలోని మొదటి భాగం కొత్తదికాదు. తిరిగివచ్చిన తండ్రి కూతురిని మైదానానికి తీసుకువెళ్ళడమే కొత్త సంగతి.

ఆయన నిఖత్‌ను మొదట పరుగుపందెంలో పెట్టాడు. నిజామాబాదు కలెక్టరేట్ మైదానంలో సాధన జరిగేది. ఆ మైదానంలో అన్ని ఆటలలోను అమ్మాయిలు ఉండి, బాక్సింగ్‌లో మాత్రం ఒక్కరూ లేకపోవడం గమనించి, ఆడపిల్లలు బాక్సింగ్ చేయకూడదా అని తండ్రిని అడిగానని నిఖత్ అనేక సందర్భాలలో చెప్పింది. చేయవచ్చునని, అయితే ఆడవాళ్ళకు అంత బలం ఉండదని జనం అనుకుంటారని ఆయన సమాధానం. ఆ సమాధానమే ఆమెను చేతితొడుగుల వైపు నడిపించింది. తండ్రి దగ్గర సుమారు ఒక సంవత్సరం శిక్షణ పొందింది. నిజామాబాదులో బాక్సింగ్ నేర్పే షంషాముద్దీన్ వద్ద కూడా ఓనమాలు దిద్దుకుంది. సాధన చేయడానికి తోటి అమ్మాయిలు లేనందున అబ్బాయిలతోనే తలపడవలసి వచ్చేది. ఆ తొలిరోజులలో ముఖంపై గాయాలతో ఇంటికి వచ్చిన కూతురిని చూసి తల్లి కన్నీరు పెట్టుకుంది. ఈ పిల్లకు పెళ్ళి ఎలా అవుతుందన్నది ఆమె బెంగ. నిక్కర్లు వేసుకుని ఆడటమేమిటని బంధువులు, ఇరుగుపొరుగు విమర్శించారు. ఆ మాటలు పట్టించుకోవద్దని, సాధన మీదనే మనసు పెట్టమని తండ్రి చెప్పాడు.

శిక్షకుడిగా జమీల్ అహ్మద్ పాత్రను అతిశయోక్తిగా చెప్పనక్కరలేదు. ఆయన బాక్సర్ కాదు. ఆటగాడి శరీరం ఎలా తయారవుతుందో, రోజువారీ క్రమశిక్షణ ఏమిటో తెలిసినవాడు. తనకు తెలిసినంత నేర్పి, తెలియని దశ రాగానే నిపుణులకు అప్పగించాడు. తెలుగువారి క్రీడాచరిత్రలో ఇటువంటి తండ్రులు మరికొందరు ఉన్నారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి.సింధు తండ్రి రమణ వాలీబాల్‌లో అర్జున పురస్కారం పొందినవాడు. గోదావరి డెల్టాలోని అమలాపురానికి చెందిన సాత్విక్ సాయిరాజ్‌కు మొదట రాకెట్టు పట్టించినది వ్యాయామోపాధ్యాయుడైన తండ్రి కాశీ విశ్వనాథమే (ఆయన 2025 ఫిబ్రవరిలో మరణించాడు). అయితే బ్యాడ్మింటన్‌లో ఆడపిల్లను ప్రోత్సహించే తండ్రికి, బాక్సింగ్‌లో ప్రోత్సహించే తండ్రికి ఊరినుండి ఎదురయ్యే ప్రశ్నలు ఒకటికావు.

విశాఖపట్నం, తొలి విజయాలు

2009లో నిఖత్ విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ శిక్షణకేంద్రంలో చేరింది. అక్కడ ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ.వెంకటేశ్వరరావు ఆమె గురువు. 2010లో ఈరోడ్‌లో జరిగిన జాతీయ పోటీలలో ఉత్తమ బాక్సర్‌గా ఎంపికైంది. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ పోటీల స్వర్ణం గెలిచింది. 2013లో బల్గేరియాలో యూత్ ప్రపంచ పోటీలలో రజతం, 2014లో సెర్బియాలోని నోవిసాద్‌లో స్వర్ణం లభించాయి.

ఈ కాలంలోనే భారత బాక్సింగ్ పాలనావ్యవస్థ చెల్లాచెదురైంది. 2012 డిసెంబరులో అంతర్జాతీయ సమాఖ్య భారత సంఘాన్ని సస్పెండ్ చేసింది. 2016లో ప్రస్తుత భారత బాక్సింగ్ సమాఖ్య ఏర్పడేవరకు స్థిరమైన యాజమాన్యం లేదు. జూనియర్ స్థాయినుండి సీనియర్ స్థాయికి ఎదగవలసిన తరానికి ఇది పెద్ద దెబ్బ. నిఖత్ ఆ తరానికి చెందినదే.

గాయం

2017లో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీలలో నిఖత్ కుడిభుజం స్థానభ్రంశం చెందింది. శస్త్రచికిత్స జరిగింది. సుమారు ఒక సంవత్సరం రింగుకు దూరమైంది. 2018 కామన్వెల్త్ క్రీడలు, ఆసియా క్రీడలు రెండింటిలోను పాల్గొనలేకపోయింది. భుజం జారడం బాక్సర్‌కు ప్రత్యేకమైన కష్టం. ఎముక కుదురుకున్నా, పూర్తి బలంతో గుద్దు విసిరేటపుడు మళ్ళీ జారుతుందేమోనన్న భయం ఒక పట్టాన పోదు. 2018లోనే బెల్‌గ్రేడ్‌లో స్వర్ణం గెలిచి పునరాగమనం చేసింది. 2019 ఫిబ్రవరిలో సోఫియాలో జరిగిన స్ట్రాంజా స్మారక పోటీలలోను స్వర్ణం గెలిచింది. అదే సంవత్సరం ఆసియా పోటీలలో కాంస్యం పొందింది.

ఎంపిక వివాదం

51 కిలోల విభాగంలో నిఖత్‌కు ముందున్నది ఆరుసార్లు ప్రపంచ విజేత అయిన మేరీ కోమ్. నిఖత్ బాల్యంనుండి ఆరాధించిన క్రీడాకారిణి కూడా ఆమెయే. 2019 మేలో గౌహతిలో జరిగిన ఇండియా ఓపెన్ సెమీఫైనల్‌లో మేరీ 4-1 తేడాతో నిఖత్‌ను ఓడించింది. ఆగస్టులో ప్రపంచ పోటీల జట్టుకోసం ఎంపిక పోటీలు ప్రకటించి, ఈ విభాగంలో మాత్రం రద్దుచేసి మేరీని నేరుగా ఎంపిక చేశారు. మేరీ అక్కడ కాంస్యం గెలిచింది. ఒలింపిక్ అర్హత పోటీలకు ప్రపంచ పోటీలలో స్వర్ణ, రజతాలు గెలిచినవారినే నేరుగా పంపుతామని సమాఖ్య ముందు చెప్పి, తరువాత కాంస్యం గెలిచిన మేరీనే పంపే ఆలోచన బయటపెట్టింది.

2019 అక్టోబరులో నిఖత్ అప్పటి కేంద్ర క్రీడామంత్రి కిరణ్ రిజిజుకు బహిరంగలేఖ రాసింది. ఆమె కోరినది స్థానం కాదు, పోటీపడే అవకాశం మాత్రమే. నిఖత్ జరీన్ ఎవరు అని మేరీ ప్రశ్నించడంతో వివాదం మరింత పెరిగింది. చివరకు డిసెంబరు 28న న్యూఢిల్లీలో ఎంపిక పోటీ జరిగింది. మేరీ 9-1 తేడాతో గెలిచింది. పోటీ ముగిశాక ఆమె నిఖత్‌తో కరచాలనం చేయలేదు. తెలంగాణ బాక్సింగ్ సంఘం ప్రతినిధులు అక్కడే నిరసన తెలిపారు. ఫలితం ఏమైనప్పటికీ, ఎంతటి క్రీడాకారిణికైనా ఎంపిక పోటీ తప్పదన్న సూత్రం నిలవడానికి ఆ లేఖ కారణమైంది. మేరీ టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత పొంది, 2021 జూలైలో కొలంబియాకు చెందిన ఇంగ్రిట్ వలెన్సియా చేతిలో ఓడిపోయింది. అదే వలెన్సియాను 2023 ప్రపంచ పోటీల సెమీఫైనల్‌లో నిఖత్ ఓడించింది.

ప్రపంచ విజేత

2022 ఫిబ్రవరిలో నిఖత్ రెండవసారి స్ట్రాంజా స్వర్ణం గెలిచింది. సెమీఫైనల్‌లో ఓడినది టోక్యో రజతపతక విజేత, టర్కీకి చెందిన బూసె నాజ్ చకిరోగ్లు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ పోటీల 52 కిలోల ఫైనల్‌లో థాయిలాండ్‌కు చెందిన జిట్‌పాంగ్ జుటామస్‌పై 5-0తో గెలిచి ప్రపంచ విజేత అయింది. భారతదేశంనుండి ఈ ఘనత పొందిన ఐదవ మహిళ.

ఇక్కడ 5-0 అంటే ఐదు దెబ్బలు తగిలాయని కాదు. అమెచ్యూర్ బాక్సింగ్‌లో మూడు నిమిషాల రౌండ్లు మూడు ఉంటాయి. రింగు చుట్టూ ఉన్న ఐదుగురు న్యాయనిర్ణేతలు ప్రతి రౌండులో మెరుగైనవారికి 10 పాయింట్లు, రెండవవారికి అంతకు తక్కువ ఇస్తారు. ఐదుగురి లెక్కలోను ముందున్నవారు 5-0తో గెలిచినట్లు. ఈ ఫైనల్‌లో ముగ్గురు 29-28గాను, ఇద్దరు 30-27గాను నిఖత్‌కు పాయింట్లు ఇచ్చారు. అంకె చూపినంత ఏకపక్షంగా ఆ పోటీ జరగలేదు.

52 కిలోలు ఒలింపిక్ విభాగం కానందున నిఖత్ 50 కిలోలకు మారింది. ఆ విభాగంలో 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం, 2023 మార్చి 26న న్యూఢిల్లీలో వియత్నాంకు చెందిన న్గుయెన్ థి టామ్‌పై గెలిచి రెండవ ప్రపంచ స్వర్ణం సాధించింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో కాంస్యంతోపాటు పారిస్ ఒలింపిక్ అర్హత కూడా లభించింది.

పారిస్, ఆ తరువాత

రెండుసార్లు ప్రపంచ విజేత అయినా 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్‌కు సీడింగ్ లేదు. తొలిపోటీలో జర్మనీకి చెందిన మాక్సి క్లోట్జర్‌పై 5-0తో గెలిచింది. ఆగస్టు 1న ప్రిక్వార్టర్స్‌లోనే చైనాకు చెందిన అగ్రశ్రేణి క్రీడాకారిణి వూ యూ ఎదురైంది. నిఖత్ 0-5తో ఓడిపోయి కన్నీటితో రింగు వదిలింది. వూ యూ ఆ విభాగంలో స్వర్ణం గెలిచింది. సీడింగ్ ఉండివుంటే ఈ ఇద్దరూ అంత త్వరగా తలపడేవారు కాదు. బరువు తగ్గించుకోవడానికి ఆహారం, నీరు మానుకోవలసి వచ్చిందని నిఖత్ ఆ తరువాత చెప్పింది.

2024 సెప్టెంబరులో తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీగా బాధ్యతలు స్వీకరించింది. అంతకుముందే, 2022లో, అర్జున పురస్కారం పొందింది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీలలో 51 కిలోల విభాగంలో బరిలోకి దిగి, క్వార్టర్ ఫైనల్‌లో చకిరోగ్లు చేతిలో ఓడింది. అదే సంవత్సరం నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో స్వర్ణం గెలిచింది. 2028 లాస్ ఏంజిలస్ ఒలింపిక్స్‌లో మహిళల అతితక్కువ బరువు విభాగం 51 కిలోలు. మేరీ కోమ్‌తో ఎంపిక పోటీలో నిఖత్ తలపడినది కూడా ఆ విభాగంలోనే.