కటౌట్ నుంచి డయోడ్ దాకా: నిలిపి ఉంచిన కారులో దిగిపోయే బ్యాటరీ

చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లలో అమరి, హ్యాండిల్ తిప్పి ఇంజన్‌ను లేపే శ్రమను తప్పించినప్పటి నుంచి కారు బ్యాటరీకి అధీనమయింది. రాత్రంతా కదలకుండా ఉన్న కారు తెల్లవారేసరికి 'సెల్ఫ్' అందుకోక మొరాయించడం, బ్యాటరీని దించుతున్న లోపాన్ని వెతకడం ఆటో ఎలక్ట్రీషియన్ల వృత్తిలో భాగమయ్యాయి.

ఆ తరం కార్లలో మొదటి అనుమానం కటౌట్ మీదికే పోయేది. బ్యాటరీని చార్జ్ చేసే డైనమో వోల్టేజీ ఇంజన్ ఆగగానే పడిపోతుంది కనుక, కరెంటు వెనుదిరిగి డైనమోలోకి పోకుండా, తీగచుట్ట అయస్కాంతశక్తితో కలిసి, ఆ శక్తి తగ్గగానే విడిపోయే రెండు కాంటాక్టులను దారిలో అమర్చేవారు. ఈ స్విచ్చే కటౌట్. కాంటాక్టులు కాలి అతుక్కుపోతే ఆగి ఉన్న డైనమో కొద్ది గంటల్లోనే బ్యాటరీని పీల్చేసేది, ఒక్కొక్కసారి తానూ మాడిపోయేది.

కటౌట్ బాగానే ఉంటే వైరింగును శోధించవలసి వచ్చేది. 1950ల చివర ఉత్తరపారాలో మొదలైన అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాలంలో, బ్రిటిష్ కార్లలో చాలావాటికి రెండే ఫ్యూజులు ఉండేవి, హెడ్‌లైట్లకు తరచు అదీ ఉండేది కాదు. అందువల్ల ఫ్యూజులు తీసి చూడడం అంతగా ఉపకరించేది కాదు. అయితే లూకాస్ సంస్థ పాటించిన రంగుల పద్ధతిలో బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే తీగలు గోధుమరంగులోను, ఫ్యూజు దాటినా తాళంచెవితో నిమిత్తం లేకుండా కరెంటు ఉండేవి ఊదారంగులోను ఉండడంతో, వెతుకులాట ఆ రెంటికీ పరిమితమయ్యేది. నూలు అల్లిక తొడుగు నూనె మరకలతో నల్లబడి రంగులే తెలియని పాత కార్లలో ఈ సౌకర్యం మాటవరసకే.

బ్యాటరీ టెర్మినల్‌కూ ఊడదీసిన కేబుల్‌కూ నడుమ బల్బు కలిపి, అది వెలిగితే ఒక్కొక్క తీగ విప్పుతూ, ఏది విప్పినప్పుడు ఆరిపోతుందో చూడడం నాటి పరీక్ష. అమెరికాలో 1960 నాటి క్రైస్లర్ వేలియంట్‌తో ప్రచారంలోకి వచ్చిన ఆల్టర్నేటర్లలో, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే సిలికాన్ డయోడ్లు కటౌట్ పనిని చేపట్టగా, లోపమూ సూక్ష్మరూపం దాల్చింది. డయోడు నుంచి 50 మిల్లీఆంపియర్లు కారినా రోజుకు 1.2 ఆంపియర్ గంటలు పోయి, 40 ఆంపియర్ గంటల బ్యాటరీ నెల దాటగానే ఖాళీ అవుతుంది. అంత స్వల్ప కరెంటుకు 21 వాట్ల బల్బు వెలగదు కనుక మిల్లీఆంపియర్లను చూపే మీటరు అవసరమయింది. ఆ మీటరును కేబుల్ దారిలో ఉంచి సెల్ఫ్ కొడితే, స్టార్టరు లాగే భారీ కరెంటుకు మీటరులోని ఫ్యూజు తక్షణం ఎగిరిపోతుంది.